సవరణ: కుక్క నీళ్లలో కలిపే చికెన్ రసం

నీళ్లు సరిగా తాగని కుక్కకు "కూరకు ఉడికించిన చికెన్ నీళ్లు కాస్త కలిపి పెట్టండి" అని ముందు పోస్టులో రాశాం. అది తప్పు, దయచేసి అలా చేయకండి. మన కూర నీళ్లలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఇవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ముక్కలు ఏరేసినా లాభం లేదు, సారం అప్పటికే నీళ్లలోకి దిగిపోతుంది. ఉడికినా విషం పోదు. పైగా లక్షణాలు కొన్ని రోజుల తర్వాత బయటపడవచ్చు: చిగుళ్లు పాలిపోవడం, నీరసం, మూత్రం ముదురు ఎరుపులో రావడం. ఇప్పటికే పట్టించి ఉంటే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి చెప్పండి.

కుక్క కోసం చికెన్ రసం విడిగా చేసుకోవడం తేలికే. ఎముకలేని చికెన్ 100 గ్రాములు, అర లీటరు నీళ్లు, 20 నిమిషాలు. ఉప్పు, మసాలా ఏవీ వద్దు. వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన తెల్లగా పేరుకుంటుంది, దాన్ని తీసేయండి. గ్లాసు నీళ్లకు రెండు చెంచాలు చాలు. ఎండాకాలం ఈ కలిపిన నీళ్లు పెట్టి రెండు గంటలు దాటితే పారబోసి గిన్నె కడగాలి. పక్కనే మామూలు నీళ్ల గిన్నె తప్పనిసరి.

ఇంకొకటి. కుక్కకు కిలో బరువుకు రోజుకు 50-60 మి.లీ. నీళ్లు కావాలన్న లెక్కలో తిండిలోని నీరూ కలిసే ఉంటుంది. పెరుగన్నం తినే పది కిలోల కుక్క గిన్నెలో అర లీటరు తాగకపోతే కంగారు అక్కర్లేదు. సిరంజితో మాత్రం బలవంతంగా పోయకండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.