పేటెంట్‌లో ఒక్క పేరు, నోటుపుస్తకంలో ఎందరో

1879 అక్టోబరు 21న ఎడిసన్ దీపం 40 గంటలపాటు వెలిగిందన్న కథ ఎంతగా స్థిరపడిందంటే, 1929లో అదే తేదీన అమెరికా దానికి స్వర్ణోత్సవం కూడా జరిపింది. మెన్లో పార్క్‌లోని ఎడిసన్ ప్రయోగశాల నోటుపుస్తకం మాత్రం ఆ కథతో ఏకీభవించదు. అక్టోబరు 22 నాటి నమోదు ప్రకారం, నూలుదారాన్ని కార్బన్‌గా మార్చి అమర్చిన దీపం అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు వెలిగి మధ్యాహ్నం మూడింటిదాకా, అంటే పదమూడున్నర గంటలు నిలిచింది. అంతకన్నా ముఖ్యంగా, ఆ పుట ఎడిసన్ చేతిరాత కాదు. రాసింది ఆయన సహచరుడు చార్లెస్ బ్యాచిలర్.

ఆ దీపానికి 1880 జనవరి 27న మంజూరైన 2,23,898వ నంబరు పేటెంట్‌లో బ్యాచిలర్ పేరు లేదు. నిరోధం తక్కువగా ఉండే దీపాలకు ఎక్కువ కరెంటు, దానికి తగ్గ లావు రాగి తీగలు కావాలి. ఆ ఖర్చుతో నగరాలకు వెలుగు ఇవ్వడం అసాధ్యమని లెక్కగట్టడంలో ప్రధాన పాత్ర పోషించిన గణితవేత్త ఫ్రాన్సిస్ అప్టన్ పేరూ లేదు. ఎడిసన్‌ను తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదు. పేటెంట్లనే ఆధారం చేసుకుని రాసిన సాంకేతిక చరిత్ర సమష్టి శ్రమను ఒక్కరి ప్రతిభగా మార్చేస్తుందన్నదే నా అభియోగం.

నోటుపుస్తకాలు మాత్రం నిష్పాక్షికమా అని కొందరు ప్రశ్నిస్తారు. అమెరికాలో ముందుగా కనిపెట్టినవారికే హక్కు దక్కిన కాలంలో వాటిని కోర్టుల కోసమే తేదీలు వేసి, సాక్షి సంతకాలతో రాసేవారన్న మాట నిజమే. అయితే ఆ తేదీలు రాసినవారినీ బోనెక్కిస్తాయి. 1876 మార్చిలో టెలిఫోన్ ఆవిష్కర్తగా పేరొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన పుస్తకంలో గీసిన ద్రవ ట్రాన్స్‌మిటర్ (ద్రవం సాయంతో మాటను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) బొమ్మకు, అంతకుముందే ఫిబ్రవరి 14న ఆయన పోటీదారు ఎలైషా గ్రే పేటెంట్ కార్యాలయానికి సమర్పించిన బొమ్మతో ఉన్న పోలికపై వివాదం నేటికీ సమసిపోలేదు.

2013 మార్చి 16 నుంచి అమెరికా కూడా ముందుగా దరఖాస్తు చేసినవారికే హక్కు ఇస్తోంది. దాంతో నోటుపుస్తకానికి చట్టం ఇచ్చిన బలం చాలావరకు పోయింది. నేటి ప్రయోగాల నమోదులు, ముఖ్యంగా విఫలమైనవాటివి, కంపెనీల సర్వర్లలో వ్యాపార రహస్యాలుగా మగ్గుతున్నాయి. పేటెంట్ రూపంలో ఇరవై ఏళ్ల గుత్తాధిపత్యాన్ని సమాజం ఊరికే ఇవ్వనక్కరలేదు. పేటెంట్ గడువు తీరిన రోజునే దాని వెనుక ఉన్న ప్రయోగశాల నమోదులన్నీ, పనిచేసినవారి పేర్లతో సహా, బహిరంగం చేయాలన్న షరతును చట్టంలో చేర్చాలి.