పాటల కంపెనీ సేఠ్‌కు నల్లగొండ నుంచి ఒక ఉత్తరం

సేఠ్, నమస్తే.

నువ్వింకా బతికే ఉన్నందుకు సంతోషం. 1981లో బ్రిటన్‌లో మీ సంఘంవాళ్లు క్యాసెట్‌ను పుర్రెలా గీసి, కింద రెండు ఎముకలు పెట్టి, జనం ఇంట్లో రికార్డు చేసుకోవడం వల్లే సంగీతం చచ్చిపోతోందని ఊరూరా చెప్పారు కదా, అప్పటి నుంచి నీ గురించి మాకు ఒకటే టెన్షన్.

మా బాబాయి కూడా ఆ హంతకుల్లో ఒకడే. చీటీ మీద పాటల పేర్లు రాసి గడియారం సెంటర్ దగ్గర షాపులో ఇస్తే అరవై నిమిషాల క్యాసెట్ నింపిచ్చేవాళ్లు. ప్రతి వైపూ చివరి పాట సగంలో తెగేది. ఆ మిగతా సగం వినడానికే అసలు క్యాసెట్ డబ్బులు పెట్టి కొనుక్కొచ్చేవాడు, పిచ్చి మనిషి.

1999లో జనం ఇంటర్నెట్‌లో పాటలు ఒకరికొకరు పంచుకునే నాప్‌స్టర్ మీద కేసు వేశావు, 2001లో మూయించావు. అక్కడితో ఆగావా? 2003లో వినేవాళ్లనే కోర్టుకు లాగావు. న్యూయార్క్‌లో పన్నెండేళ్ల పిల్ల దగ్గర రాజీ పేరుతో 2,000 డాలర్లు వసూలు చేశావు. మా వైపు పిల్లలు బత్తాయి తోటలో కాయలు తెంపితే కాపలా తాత చెవి మెలేసి, పోతూ పోతూ రెండు కాయలు చేతిలో పెడతాడు.

నీ తాళాల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. 2002లో కాపీ కాకుండా సీడీకి వేసిన తాళం, అంచు మీద మార్కర్ పెన్నుతో గీస్తే ఊడిపోయింది. 2005లో సోనీ బీఎంజీ అనే మీ పాటల కంపెనీ సీడీలైతే కొన్నవాడి కంప్యూటర్లోకే చెప్పాపెట్టకుండా ఓ సాఫ్ట్‌వేర్ దూర్చాయి. అంటే డబ్బులిచ్చి కొన్నవాడికి తిప్పలు, ఇరవై రూపాయలకు మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న నాకు హాయి. నాది దొంగతనమే, కాదనను. కానీ నాకు కావాల్సిన ఒక్క పాటను నువ్వెప్పుడైనా విడిగా అమ్మావా? 99 సెంట్లకు పాట అమ్మొచ్చని 2003లో చూపించింది కూడా కంప్యూటర్లు చేసుకునే యాపిలే.

ఇక పాట రాసినవాళ్ల పొట్ట కొడుతున్నామని మా మీద ఏడుస్తావు చూడు, అది మాత్రం వినలేను. రాయల్టీలో వాళ్ల వాటాను నువ్వు రాయించుకోకుండా మన దేశంలో 2012లో చట్టమే మార్చాల్సి వచ్చింది, ఎవరి నుంచి కాపాడటానికి సేఠ్?

బాబాయి క్యాసెట్లు అటక మీద భద్రంగానే ఉన్నాయి. ప్లేయరే పాడైంది, బాగుచేసేవాడు నల్లగొండలో దొరకట్లేదు. నీ పాత గోడౌన్లో పనిచేసేది ఏదైనా ఉంటే ఓ మాట చెప్పు, డబ్బులిచ్చే తీసుకుంటాం.

ఇట్లు,
హంతకుడి అన్న కొడుకు