బిల్లింగ్ కౌంటర్ స్టూలు గారికి

మహారాజశ్రీ మూడో నంబరు కౌంటర్ స్టూలు గారికి,

నెల్లూరు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, కాళ్లు తప్ప.

మన రోడ్డులో ఆ పెద్ద డిస్కౌంట్ షాపు తెరిచిన వారంలోనే మీకు ఓనరన్న గదిలోకి ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు మీ మీద ప్రింటరు కూర్చుంటోందట, సంతోషం. మేం కూర్చుని బిల్లు కొడితే కస్టమర్లకు బద్ధకంగా కనిపిస్తుందన్నారు. వచ్చేవాళ్లెవరూ మా వంక చూసిన పాపాన పోలేదు. అందరి కళ్లూ కందిపప్పు రేటు మీదే. పొద్దుటి నుంచి బరువు ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు మోస్తున్నా. రాత్రి చెప్పులు విప్పితే పట్టీల అచ్చు పొద్దున దాకా పోదు.

ఓనరన్నను మాత్రం ఏమనగలం? ఆ డిస్కౌంట్ షాపువాళ్లది సొంత బిల్డింగు. లారీల లెక్కన సరుకు దించుతారు, కంపెనీలకు డబ్బు త్వరగా కట్టేసి ఇంకాస్త తగ్గించుకుంటారు. మనదేమో స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ బజారులో అప్పు మీద తెచ్చిన సరుకు, అద్దె కొట్టు. వాళ్లు రేటు తగ్గిస్తే మనమూ తగ్గించాలి. కరెంటోళ్లు తగ్గరు, బ్యాంకు తగ్గదు, బిల్డింగు ఆసామి అసలే తగ్గడు. కొట్టు మొత్తంలో తగ్గమంటే తగ్గేది మేమే.

ప్యాకింగ్ ఆడోళ్లిద్దరినీ మాన్పించారు. ఇప్పుడు పప్పులు తూచి ప్యాకెట్లు కట్టేదీ నేనే, స్టాకు సర్దేదీ నేనే. వారం సెలవు రష్ లేని రోజు చూసి ఇస్తారట, ఆ రోజింకా పుట్టలేదు. క్యాష్ తగ్గితే జీతంలో కోత, ఎక్కువైతే డ్రాయర్‌లోకి. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి కాబట్టి రిజిస్టరులో పంతొమ్మిది మందిమే ఉన్నాం. అందులో నేనున్నానో లేదో మీరున్న గదిలోనే తెలియాలి.

యూనియన్ పెద్దాయన ఒక సంగతి చెప్పాడు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా సూపర్‌మార్కెట్లు, వాల్‌మార్ట్ పెద్ద షాపులు వచ్చేస్తున్నాయని చెప్పి ఆరోగ్య బీమాలో, కొత్తవాళ్ల జీతాల్లో కోతలు అడిగాయట. దాంతో 2003 అక్టోబరులో మొదలైన ఉద్యోగుల సమ్మె 2004 ఫిబ్రవరి దాకా సాగింది. చివరికి ఒకే పనికి పాతవాళ్లకో జీతం, కొత్తవాళ్లకు అంతకన్నా తక్కువ జీతం. అక్కడ ఇంకా సరిగ్గా రాని షాపును చూపించి కోశారు. మన ఓనరన్న పాపం, వచ్చిందాకా ఆగాడు.

మీకో శుభవార్త. చెన్నై బస్సెక్కి తడ దాటితే మీ జాతికి చట్టంలోనే చోటుంది. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చాయి. మనమేమో సరిహద్దుకు ఇవతల పుట్టాం.

ఎలాగూ ఆ గదిలోనే ఉన్నారు కాబట్టి, దసరా బోనస్ మాట ఎప్పుడైనా వస్తే కాస్త విని పెట్టండి. వీలైతే మీ నెత్తిమీదున్న ప్రింటరుతో ఒక కాగితం కొట్టించి పంపండి.

ఇట్లు,
మూడో కౌంటర్ (ప్యాకింగ్, స్టాకు కూడా)