స్కానింగ్ యంత్రంతో పాటు ట్రైనింగ్ కూడా పంపుదాం

ఈసారి ఇక్కడ అమెరికాలో మన ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, ఊరి వైపు ఒక పిల్లల ఆసుపత్రికి ఎంఆర్‌ఐ యంత్రం కోసం విరాళాలు అడిగారు. చేతులు చకచకా లేచాయి. నేను మైకు తీసుకుని, "అందులో పిల్లలు కదలకుండా పడుకోవాలంటే మత్తు ఇవ్వాలి. ఇచ్చేవాళ్ల ట్రైనింగ్‌కి కూడా కొంత పక్కన పెడదామా?" అన్నాను. "పండగ పూట ఆ అశుభం మాటలెందుకమ్మా" అన్నారొక పెద్దాయన. చప్పట్లు ఆయనకే పడ్డాయి. ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

నేనిక్కడ పిల్లలకు మత్తు ఇచ్చే యూనిట్‌లో నర్సుని. ఆరేళ్ల కిందట సెలవులకు వెళ్లినప్పుడు మా అన్నయ్య కూతురికి తల స్కానింగ్. మూడేళ్ల పిల్ల. సిరప్ తాగించారు, నిద్రపోలేదు. కాసేపాగి మళ్లీ తాగించారు. స్కానింగ్ అయింది, వదిన భుజాన వేసుకుంది. పిల్ల తల ముందుకు వాలింది, చిన్న గురక, తర్వాత అదీ లేదు. "హమ్మయ్య, బాగా నిద్రపట్టింది" అంది అమ్మ. పెదాలు నీలంగా ఉన్నాయి. లాక్కుని బల్ల మీద పడుకోబెట్టి గడ్డం పైకెత్తాను, ఛాతీ కదిలింది. ఆక్సిజన్ అడిగితే సిలిండర్ తెచ్చారు. పిల్లల సైజు మాస్కు లేదు.

పొద్దున్నే అమ్మ దానికి రెండు ముద్దలు పెరుగన్నం పెట్టిందని ఇంటికొచ్చాక తెలిసింది. "పసిది ఎంతసేపని పస్తుంటుంది?" అంది. అమ్మ మీద నాకు కోపం రాలేదు. తల్లిపాలైతే 4 గంటలు, పెరుగన్నం లాంటిదైతే కనీసం 6 గంటలు ఆగాలని, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని ఆమెకెవరూ చెప్పలేదు.

పిల్లల గాలిదారి సన్నం, ఒంట్లో ఆక్సిజన్ పెద్దవాళ్ల కంటే త్వరగా అయిపోతుంది. కొద్దిగా అనుకుని ఇచ్చిన మత్తు లోతుకు జారిపోతుంది. అందుకే, అనుకున్నదాని కంటే ఒక మెట్టు లోతుకు వెళ్లినా పిల్లను వెనక్కి తీసుకురాగలవాళ్లే మత్తు ఇవ్వాలని ఇక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ చెబుతుంది. లోతైన మత్తులో ఒకరు కేవలం పిల్లనే చూస్తూ ఉండాలి. ఊపిరి ఆగిన సంగతి వేలికి పెట్టే క్లిప్పు కంటే ముందు, వదిలే గాలిని కొలిచే మానిటర్ చెబుతుంది. దాన్ని చదవడం, గడ్డం ఎత్తడం, మాస్కుతో గాలి పట్టడం బొమ్మ మీద మళ్లీ మళ్లీ చేస్తేనే చేతికొస్తాయి.

అమెరికా గొప్పని చెప్పడం లేదు. కాలిఫోర్నియాలో 2015లో పన్ను తీయడానికి మత్తు ఇచ్చాక ఆరేళ్ల బాబు చనిపోయాడు. తల్లిదండ్రులు పోరాడితే 2018లో చట్టం వచ్చింది. పెద్దాయనదీ పూర్తిగా తప్పనను. యంత్రం లేక పిల్లల్ని ఎత్తుకుని హైదరాబాద్ దాకా తిరిగే తల్లులున్నారు. అక్కడి వాళ్లకు శ్రద్ధ లేదనీ కాదు. ఉన్న ఒక్క మత్తు డాక్టరూ ఆపరేషన్ థియేటర్లో ఉంటే స్కానింగ్ గదిలో ఎవరుంటారు?

మనలో మత్తు డాక్టర్లున్నారు, ఏటా సంక్రాంతికి ఊరెళ్తారు. దయచేసి రెండు రోజులు ఆ ఆసుపత్రి నర్సులతో కూర్చోండి. ట్రెజరర్ గారూ, యంత్రం డబ్బు కట్టేముందు ట్రైనింగ్ బొమ్మకీ ఆ మానిటర్‌కీ ఒక పద్దు రాయండి. మాస్కులు నేను కొంటాను, అన్ని సైజులూ.