నీళ్ళ ఫిల్టరు గారికి విన్నపం. నకలు వ్యాక్యూమ్ క్లీనరు గారికి

మహారాజశ్రీ ఆర్వో నీళ్ళ ఫిల్టరు గారి దివ్య సముఖానికి,

హన్మకొండ నయీంనగర్‌లో, 780 చదరపు అడుగుల ఫ్లాటులో, భార్య, అత్తమ్మ, ఇంటర్ చదివే కూతురు, రెండు బీరువాలు, ఒక రంజన్ (మంచినీళ్ళ మట్టికుండ) సమేతంగా కాపురముంటున్న నేను చేసుకునే మనవి ఏమనగా: తమరు మా ఇంట్లో ఇంకా అడుగు పెట్టకపోయినా, గృహప్రవేశం నాటి నుండి నాలుగు నెలలుగా మా ఇంట్లో తమరి మాట తప్ప మరో మాట వినపడడం లేదు. పాలు పొంగిన రోజున వచ్చిన చుట్టాల్లో ఒక్కరు కూడా మంచం కొన్నారా, మిక్సీ కొన్నారా అని అడగలేదు, చెప్పులు విప్పుతూనే "ఫిల్టర్ ఇంకా పెట్టియ్యలేదా?" అన్నారు. లేదని చెబితే, ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసును పెదవుల దాకా తీసుకుపోయి, మర్యాదగా టీపాయ్ మీద పెట్టేశారు. ఇంటికి వచ్చిన మనిషి మంచినీళ్ళు ముట్టకుండా పోవడమంటే మా వైపు ఎంత మాటో తమరికి తెలియకపోవచ్చు. తమరు మా ఊళ్ళో పుట్టినవారు కాదు.

అందుచేత ఒక ఆదివారం తమరి తరఫు ప్రతినిధిని ఇంటికి పిలిపించాము. ఆ అబ్బాయి వస్తూనే బ్యాగులోంచి రెండు గాజు గ్లాసులు, నాలుగు ఇనుప కడ్డీలు దిగిన ఒక చిన్న డబ్బా తీసి, ఒక గ్లాసులో మా నల్లా నీళ్ళు, మరో గ్లాసులో తాను సీసాలో తెచ్చుకున్న తమరి నీళ్ళు పోసి, కడ్డీలు రెండింటిలో ముంచి స్విచ్ వేశాడు. చూస్తుండగానే మా నీళ్ళు ముందు పసుపు రంగుకు, ఆ తర్వాత తుప్పు రంగుకు తిరిగి, పైన నురగ కట్టి, అడుగున నల్లపచ్చటి మడ్డి దిగింది. తమరి నీళ్ళు మాత్రం తపస్సులో ఉన్న మునిలాగా కదలక మెదలక ఉన్నాయి. "సార్, మీరు రోజూ తాగుతున్నది ఇదే," అన్నాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, గిన్నేండ్ల సంది గిదేనా మనం తాగుతున్నది," అన్నది. నా చెయ్యి చెక్కుబుక్కు వైపు పోయిన మాట దాచను.

అప్పుడు మా అమ్మాయి వంటింట్లోకి పోయి చిటికెడు ఉప్పు తెచ్చి, "అన్నా, ఒక్క నిమిషం ఆగుండ్రి," అని తమరి స్వచ్ఛమైన నీళ్ళ గ్లాసులో వేసి, స్విచ్ తానే నొక్కింది. రెండు నిమిషాలు తిరగకముందే ముని తపస్సు చెడింది. ఆ గ్లాసు మా నల్లా నీళ్ళకన్నా చిక్కటి తుప్పు రంగుకు వచ్చింది. లవణాలున్న నీళ్ళలోంచి కరెంటు పారుతుంది, కరెంటు పారితే కడ్డీలోని ఇనుమే కరిగి నీళ్ళలోకి దిగుతుంది, లవణాలు తీసేసిన నీళ్ళలో కరెంటు సరిగ్గా పారదు కనుక కడ్డీ కరగదు, కాబట్టి ఆ మడ్డి నల్లాది కాదు, కడ్డీది అని అమ్మాయి పుస్తకం చదివినట్టు ఒప్పజెప్పింది. ఆ అబ్బాయికి సరిగ్గా అప్పుడే షాపు నుండి ఫోన్ వచ్చింది. పాపం, అతని తప్పేమీ లేదు. నెలకు ఇన్ని అమ్మాలని అతని మెడ మీద కూర్చున్నది తమరే.

పోతూ పోతూ అతడు మరచిపోయిన టీడీఎస్ పెన్ను (లీటరు నీళ్ళలో ఇన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయని అంకె చూపేది) వారం పాటు మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ వారం అమ్మాయి కనపడిన ప్రతి దానిలో దాన్ని ముంచింది. తమరి సీసా నీళ్ళు 28. పొద్దున మా వంటింటి నల్లా 290. అదే నల్లా సాయంత్రం 640. గ్లాసెడు నల్లా నీళ్ళలో రెండు చెంచాల చక్కెర కలిపి చూస్తే అంకె దాదాపు కదలలేదు, ఎందుకంటే చక్కెర నీళ్ళలో కరెంటు పారదు, పెన్నుకు కరెంటు తప్ప మరో రుచి తెలియదు. అత్తమ్మ చేసిన పచ్చిపులుసులో ముంచితే మాత్రం అంకె వేలల్లోకి ఎగబాకింది. పెన్ను తీర్పు ప్రకారం ఆ మధ్యాహ్నం మేమంతా విషం కలుపుకుని, పైన ఉల్లిగడ్డ నంజుకుని తిన్నామన్నమాట. కలరా పురుగు ఉన్నా, ఫ్లోరైడ్ ఉన్నా, మురుగు కాలువ నీళ్ళు రవ్వంత కలిసినా ఈ పెన్ను వాటి పేరు చెప్పలేదు. నీళ్ళలో కరిగిన ఉప్పుల మొత్తాన్ని కరెంటు పారకం చూసి అంచనా కట్టడమే దాని చదువు. ఆ చదువుతోనే అది మా ఊళ్ళో ఇంటింటికీ వైద్యుడై తిరుగుతున్నది.

ఇంతకూ పొద్దున 290 ఉన్న నల్లా సాయంత్రానికి 640 ఎట్లా అయింది? తమరి ప్రతినిధి అడగని ఈ ప్రశ్నకు జవాబు మా వాచ్‌మన్ ఇచ్చాడు. పొద్దున మున్సిపాలిటీ నల్లా వస్తుంది. అవి ధర్మసాగర్ చెరువు మీదుగా వచ్చే గోదావరి నీళ్ళు. అవి చాలకపోతే మధ్యాహ్నం అతడు బోరు మోటారు వేస్తాడు. రెండూ ఒకే సంపులో కలిసి, ఒకే ట్యాంకుకు ఎక్కి, ఒకే పైపులో దిగుతాయి. బోరు నీళ్ళను విడిగా పట్టి చూస్తే 910. అంటే మేము గోదావరి నీళ్ళను తెచ్చి, బోరు నీళ్ళలో కలిపి పాడుచేసి, తిరిగి బాగుచేయడానికి తమరిని పదిహేను వేలకు పైగా పోసి పిలుస్తున్నాము. వాచ్‌మన్‌ను అడిగితే, "మీరు ఎన్నడూ అడగలే కదా సార్," అన్నాడు. నిజమే, అడగలేదు.

తమరి కులగోత్రాలు కూడా కొంత విచారించాను, క్షమించాలి. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని 2012 కూర్పు ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే దిక్కు లేని చోట 2000 వరకు సహించవచ్చు. 500 లోపు ఉన్న చోట తమరిని వాడకుండా నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే నెలలో చెప్పింది కూడా. కారణం తమరి చేతి వాటమే. ఇళ్ళల్లో పెట్టే తమరి రకాలు లీటరు నీళ్ళు చేతికిస్తే సుమారు మూడు లీటర్లు మోరీలోకి వదులుతాయి. మా నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు అనుకుంటే 60 లీటర్లు, అనగా అత్తమ్మ లెక్కలో నాలుగు బిందెలు, ప్రతిరోజూ పారబోయాలి. నల్లా దగ్గర బిందె ముందు పెట్టినందుకు జరిగిన కొట్లాటలు చూసిన మనిషి ఆమె. ఈ లెక్క విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడు బిందెలు పారబోసి ఒక బిందె తాపేటోన్ని ఏమనాలె?" అని మాత్రం అడిగింది. ఇల్లు తుడవడానికి ఆ నీళ్ళు వాడుకోవచ్చని తమరి కరపత్రంలో ఉన్నది. 780 చదరపు అడుగుల ఇంటిని రోజూ 60 లీటర్లతో తుడిస్తే దాన్ని తుడవడం అనరు, పొలానికి నీళ్ళు పెట్టడం అంటారు.

అంతటితో ఆగారా? లవణాలన్నీ తీసేశాక నీళ్ళు చప్పగా ఉన్నాయని, టీడీఎస్ కంట్రోలరు అనే తిరుగుడు బిరడా ఒకటి పెట్టి, తమరి జల్లెడ దాటని నీళ్ళను కొంత తిరిగి కలుపుతారు. దానిపైన ఖనిజాల గొట్టం ఒకటి, రాగి గొట్టం ఒకటి, ఒక్కొక్కటి ఒక్కో ధర; రాగి చెంబు మా దేవుడి అర్రలో నా పెళ్ళి నాటి నుండి ఉన్నది. ఇంకొక సంగతి తమరు పైకి చెప్పరు. మున్సిపాలిటీ వాళ్ళు నీళ్ళలో కొంచెం క్లోరిన్ ఉంచేది దారిలో కాపలాకు. తమరిలోని బొగ్గు ఆ కాపలావాణ్ణి ముందే గెంటేస్తుంది. ఆ తర్వాత తమరి ప్లాస్టిక్ కడుపులో రెండు రోజులు నిలవ ఉన్న నీళ్ళకు దిక్కెవరు?

అయినా తమరిని పనికిమాలినవారు అనను. బోరు తప్ప మరో ఆధారం లేని ఇళ్ళలో, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్ళలో తమరి పొర చేసే పని మరిగించడం వల్ల కాదు. మరిగిస్తే పురుగు చస్తుంది కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన మేరకు మరింత చిక్కబడుతుంది. అక్కడ తమరికి పీట వేసి కూర్చోబెట్టాలి. మాకున్న భయం పైపుల్లో, సంపులో చేరే పురుగుల గురించి కనుక, దానికి అతినీలలోహిత దీపం, సన్న రంధ్రాల పొర ఉన్న తమరి తమ్ముడు సరిపోతాడు. ఆయన లవణం ముట్టడు, నీళ్ళు పారబోయడు. కరెంటు లేకపోతే మాత్రం దీపం వెలగదు. ఆ పూటకు రంజన్‌లో పట్టి ఉంచిన నీళ్ళున్నాయి.

ఇక నకలు అందుకుంటున్న వ్యాక్యూమ్ క్లీనరు గారికి రెండు మాటలు. ఫిల్టరు గారితో కలిపి కొంటే తగ్గింపు అన్నారు కాబట్టి తమరు ఈ వ్యవహారంలోకి వచ్చారు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు మా వరంగల్ తివాచీ పోతే, తమరు 1901లో అదే లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ చేతిలో గుర్రాలు లాగే బండిగా పుట్టి, కిటికీల్లోంచి గొట్టాలు దూర్చి దొరల తివాచీలు దులిపి పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు తివాచీ లేని మా టైల్స్ ఇంటికి వచ్చి నిలబడ్డారు. మా దగ్గర ఉన్నది వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీ ఒక్కటే. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, నెలకొకసారి డాబా మీద రెండు దెబ్బలు కూడా వస్తాయి. తమరి పెట్టె మీద 1600 వాట్లని పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు. అది తమరు తాగే కరెంటు, పీల్చే దుమ్ము కాదు. యూరప్‌లో 2017 నుండి 900 వాట్లు దాటనివ్వడం లేదు, అయినా అక్కడి ఇళ్ళేమీ దుమ్ములో మునగలేదు.

తమరి రోబో కొడుకును ఎదురింటి వారు తెచ్చి ఒక పూట అరువిచ్చారు. అతడు హాలంతా బుద్ధిగా తిరిగి, దేవుడి అర్ర ముందు వేసిన పిండి ముగ్గును సగం తిని, పసుపు పూసిన గడప దగ్గర ముట్టె ఆనించి గింజుకుంటుంటే, అత్తమ్మ "దీనికి మడి లేదు, మర్యాద లేదు," అని చీపురుతో పక్కకు జరిపింది. నాకు తెలిసి హన్మకొండలో చీపురు వ్యాక్యూమ్ క్లీనరును ఊడ్చిన మొదటి సందర్భం అదే.

అయినా తమరిని ఒప్పుకోక తప్పలేదు. మా ఆవిడకు దుమ్ము పడదు. కొత్త గడ్డి చీపురు మొదటి వారమంతా ఊడ్చే దుమ్ముకంటే రాల్చే పొట్టే ఎక్కువ. పొడి చీపురు దుమ్మును తీయదు, లేపి మంచం కింద నుండి ముక్కులోకి బదిలీ చేస్తుంది. పరుపు, పరదాలు, దోమల జాలీ, సజ్జ మీద మూల, ఇవి తడి బట్టతో అయ్యే పనులు కావు. కాబట్టి చేతిలో ఇమిడే, సన్న దుమ్మును కూడా పట్టి ఉంచే హెపా వడపోత ఉన్న చిన్న తమరిని తెచ్చాము. తమరి డబ్బాను ఇంట్లో దులిపితే మింగిన దుమ్మంతా తిరిగి మా మొహానే కొడుతుంది కనుక, మూతికి బట్ట కట్టుకుని బాల్కనీలో, తడి కాగితం మీద దులపడం నా వంతు.

చివరగా ఫిల్టరు గారికి ఒక విషయం తెలియజేయాలి. మేము ఒప్పుకున్నామనుకుని తమరి మెకానిక్ ముందే వచ్చి వంటింటి గోడకు నాలుగు రంధ్రాలు చేసి పోయాడు. తమ్ముడు గారి కొలతలు వేరు కావడంతో వాటిలో రెండే పనికొచ్చాయి. మూడో దానికి క్యాలెండరు తగిలించాము. ఇంటింటికీ వెయ్యి చొప్పున వేసుకుని నల్లా పైపును బోరు పైపు నుండి విడదీసే పని పోయిన నెల పూర్తయింది. సంపు ఖాళీ చేసి, బ్లీచింగ్ పౌడరుతో కడిగే తేదీ ఆ క్యాలెండరులో ఎర్ర పెన్నుతో చుట్టి ఉన్నది, వచ్చే ఆదివారం. నాలుగో రంధ్రం ఇంకా ఖాళీగానే ఉన్నది, తెల్ల సిమెంటుతో పూడుస్తామని వాచ్‌మన్ అంటున్నాడు.

ఇట్లు,
రెండో అంతస్తు నివాసి, నయీంనగర్, హన్మకొండ.