కాలేజీ ఫుట్‌బాల్‌కి ఎంసెట్ ర్యాంకులా?

2025 డిసెంబరులో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో (కమిటీ ఎంచిన 12 జట్లు కప్పు కోసం ఆడే నాకౌట్) నోటర్ డేమ్ యూనివర్సిటీకి చోటు దక్కని రోజు నుంచీ అదే మెసేజ్ తిరుగుతోంది. డాలస్ బ్యాచ్‌మేట్లు పంపుతారు, కొలంబస్‌లో ఉన్న మా బావమరిది పంపుతాడు. "ప్లేఆఫ్ ప్రక్షాళనకు పంచసూత్రాలు" అని శీర్షిక. మళ్లీ నాలుగు జట్లకే కుదించాలట. కమిటీని రద్దు చేసి ఎంపికను కంప్యూటర్‌కి అప్పజెప్పాలట. రికార్డు పక్కనపెట్టి బలం చూడాలట. చిన్న కాన్ఫరెన్సులను, అంటే జట్లు ఆడే చిన్న లీగులను, గెంటేయాలట. కమిటీ మంగళవారాల్లో టీవీలో చదివే ర్యాంకింగుల షో ఆపాలట. చదివి ఊరుకుందామనుకున్నా గానీ, మా గ్రూపులో దీనికి పడుతున్న దండాలు చూశాక ఆగలేకపోయాను.

నాలుగు జట్ల ముచ్చట ఇక్కడే తేల్చేస్తా. నాలుగే ఉండుంటే 2024 సీజన్లో ఒహాయో స్టేట్‌కి లోపలికి దారే లేదు. ఎనిమిదో సీడుగా వచ్చి కప్పు ఎత్తుకుపోయింది. ఆ ఒహాయో స్టేట్ సొంత ఊరు కొలంబస్‌లోనే కూర్చుని ఈ పాయింటు ఫార్వర్డ్ చేసిన మా వాడికి జోహార్లు.

కంప్యూటర్‌కి పక్షపాతం ఉండదట, ఎంసెట్‌లాగా మార్కులను బట్టి ర్యాంకట. ఎంసెట్‌లో అందరిదీ ఒకటే సిలబస్. (అక్కడే సెషన్ మారితే నార్మలైజేషన్ మీద ఏటా గొడవ.) ఇక్కడ 130కి పైగా జట్లు, తలా 12 మ్యాచ్‌లు, ఎవరి ప్రత్యర్థులు వాళ్లవి. ఆ తేడాకి ఎంత వెయిటేజీ అన్నది ఎవడో ఒకడు కూర్చుని రాయాల్సిందే కదా! ఈ ముచ్చటా ఒకసారి తీరింది. 2003లో రెండు పోల్సూ (పాత్రికేయుల ఓటు, కోచ్‌ల ఓటు) యూఎస్‌సీ జట్టుని నంబర్ వన్ అన్నాయి. కంప్యూటర్ల లెక్క కలిపేసరికి మూడో స్థానానికి జారింది. అప్పుడే కాన్సస్ స్టేట్ చేతిలో 35-7తో చిత్తయిన ఓక్లహోమా మాత్రం టైటిల్ మ్యాచ్‌కి వెళ్లింది. ఆ ఏడాది ఛాంపియన్లు ఇద్దరు: టైటిల్ మ్యాచ్ గెలిచినవాళ్లు ఒకరు, పాత్రికేయుల పోల్ ఎన్నుకున్న యూఎస్‌సీ ఒకరు.

నాకు అసలు ఒళ్లు మండింది మూడో సూత్రానికి. "ఎవరు ఎన్ని గెలిచారన్నది కాదు, ఇవాళ ఆడితే ఎవరు గెలుస్తారన్నదే కొలమానం. వేగాస్ బెట్టింగ్ లెక్కలు చూస్తే చాలు." ఇది కొత్త ఆలోచనేం కాదు. 2023లో కమిటీ దాదాపు ఇదే చేసింది. ఫ్లోరిడా స్టేట్ 13 ఆడి 13 గెలిచింది, తన కాన్ఫరెన్సు ఏసీసీ టైటిల్ కూడా తెచ్చుకుంది. నవంబరులో క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపే ఆటగాడు, జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. తర్వాత ఫ్లోరిడాని 24-15తో, లూయివిల్‌ని 16-6తో మిగతావాళ్లే ఓడించారు. అయినా వాళ్లని ఐదో స్థానంలో పెట్టి (అప్పట్లో చోటు నాలుగు జట్లకే), సొంత మైదానంలో టెక్సాస్ చేతిలో ఓడిన అలబామాని లోపలికి పిలిచారు. నా కాలు ఇంకా ముందే విరిగుంటే బాగుండేది, నేను లేకున్నా ఈ జట్టు ఏంటో చూసేవాళ్లు అన్నాడు ట్రావిస్. ఓ కుర్రాడితో ఆ మాట అనిపించిన పద్ధతిని మనవాళ్లు ఇప్పుడు సంస్కరణ అంటున్నారు.

దీనికి రుజువుగా, ప్లేఆఫ్‌కి బదులు ఆడిన ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో ఓడడం చూపిస్తారు. చోటు పోయాక సగం మంది ముఖ్యులు ఆ మ్యాచ్ ఆడనే లేదు, అదేం రుజువు? సరే, నిజం చెప్పాలంటే, ఉన్నవాళ్లంతా ఆడినా ఆ ఏడాది కప్పు గెలిచిన మిషిగన్ ముందు ఆ జట్టు నిలిచేది కాదు. నాకూ తెలుసు. కానీ ఓడిపోతారని ముందే తీర్పు చెప్పేట్టయితే మ్యాచ్‌లెందుకు? ఆగస్టులోనే బెట్టింగ్ షీటు చూసి కప్పు చేతిలో పెట్టేస్తే స్టేడియాలకి కరెంటు బిల్లన్నా మిగులుతుంది. దశాబ్దాల తరబడి ఓటములకే పేరుమోసిన ఇండియానాని ఆ షీటు నమ్ముకుంటే ఎవరు పిలిచేవారు? 2025 సీజన్లో 16కి 16 గెలిచి కప్పు ఎత్తింది.

చిన్న కాన్ఫరెన్సులంటారా? 2025 ప్లేఆఫ్‌లో ఆ కాన్ఫరెన్సుల జట్లు టులేన్ 41-10తో, జేమ్స్ మాడిసన్ 51-34తో ఓడాయి కాబట్టి వద్దట. అదే టోర్నీలో ఇండియానా చేతిలో అలబామా 38-3తో ఓడింది. అలబామా ఆడే పెద్ద కాన్ఫరెన్సు ఎస్‌ఈసీని కూడా గెంటేద్దామా మరి?

మంగళవారం షో మాత్రం... ఈ పాయింటు రాసినవాడెవరో గానీ నూటికి నూరుపాళ్లు నిజం చెప్పాడు. వారాల తరబడి నోటర్ డేమ్‌ని మయామీ పైన చూపించారు. ఆఖరి వారం ఆ రెండూ ఆడలేదు. ర్యాంకుల్లో ఆ రెంటి మధ్యలో ఉన్న బీవైయూ జట్టు ఓడి కిందికి దిగగానే రెండూ పక్కపక్కకి వచ్చాయనీ, కాబట్టి ముఖాముఖి ఫలితం చూశామనీ కమిటీ చెప్పింది. మయామీ 27-24తో గెలిచింది ఆగస్టులో! అది డిసెంబరు ఆదివారం దాకా వీళ్లకి కనిపించలేదా? తేల్చింది సరైనదే, మయామీ ఫైనల్ దాకా వెళ్లింది కూడా. కానీ వారం వారం టీవీలో ఆశ పెట్టి ఆఖరి రోజు లాగేస్తే ఎవరికైనా దొంగతనంలాగే ఉంటుంది. ఆఖరి ఆదివారం ఒక్కసారే జాబితా చదివేయమనండి. దానికి మాత్రం నా ఓటు ఉంది.