పడవలో జెనరేటర్ పెట్టాలా, వద్దా? బావకీ బామ్మర్దికీ పడ్డ పేచీ

నలభై అడుగుల తెరచాప పడవ, సెకండ్‌హ్యాండ్. బావా బామ్మర్దులిద్దరూ చెరిసగం పెట్టి కొన్నారు. అమెరికా తూర్పు తీరంలో, చెసపీక్ బే ఒడ్డున అనాపొలిస్‌లో కట్టేసి ఉంది. చలికాలానికి తీరం వెంబడి లోపలగా సాగే జలమార్గం ఇంట్రాకోస్టల్ వాటర్‌వే మీదుగా ఫ్లోరిడా దిగి, గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం దాటి, బహామాస్ దీవుల్లో రెండు మూడు నెలలు లంగరేసుకుని ఉండాలని ప్లాను. ఆ రెండు మూడు నెలలూ కరెంటు ఎక్కణ్ణుంచి రావాలన్నదే తగువు. బామ్మర్ది 5 కిలోవాట్ల డీజిల్ జెనరేటర్ బ్రోషర్‌తో వచ్చాడు. బావ దగ్గర ఒక పెన్సిలూ, లెక్కలు గీకిన కాగితమూ ఉన్నాయి. నా మొగ్గు బావ వైపే అని ముందే చెప్పేస్తున్నాను. అయినా బామ్మర్ది మాటలు కత్తిరించలేదు.

బామ్మర్ది: బావా, బ్రోషర్ చూడు. సౌండ్ షీల్డ్‌తో కలిపి 55 డెసిబెల్స్. మనం మాట్లాడుకునేంత శబ్దం కూడా రాదు. ఇంకేం కావాలి?

బావ: ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదివావా?

బామ్మర్ది: "7 మీటర్ల దూరంలో."

బావ: మన పడవ వెడల్పు నాలుగు మీటర్లు లేదు. పక్కకి ఏడు మీటర్ల అవతల పడుకోవాలంటే నువ్వు నీళ్లలో పడుకోవాలి. దూరం సగమైనప్పుడల్లా ఆరు డెసిబెల్స్ పెరుగుతాయి. మీ అక్క పడుకునే బెర్త్ జెనరేటర్ పెట్టాల్సిన లాకర్‌కి రెండు మీటర్ల లోపే ఉంది. ఇది గాలిలో వచ్చే శబ్దం మాటే. అసలు బాధ అది కాదు. ఇంజిన్ వణుకు దాన్ని బిగించిన దిమ్మల (మౌంట్ల) గుండా ఫైబర్‌గ్లాస్‌లోకి దిగుతుంది. హల్, అంటే పడవ ఒళ్లు, మొత్తం డప్పులా మోగుతుంది. చెవికి తక్కువ, దిండుకి ఎక్కువ వినిపిస్తుంది. బాక్సు చుట్టూ ఎంత మందం ఫోమ్ అంటించినా అది ఆగదు. మెత్తటి మౌంట్లు వెయ్యాలి, గొట్టాలూ కేబుళ్లూ ఎక్కడా బిగుసుకోకుండా వదులుగా వదలాలి, లోపలి అడ్డగోడకి (బల్క్‌హెడ్‌కి) తగలకూడదు. మూడోది ఎగ్జాస్ట్. సముద్రపు నీళ్లు కలిపి బయటికి కక్కుతుంది కదా, ఆ నీళ్లు పక్కన టపటపా పడుతుంటాయి. పక్క పడవవాళ్లకి జెనరేటర్ వినపడదు, ఆ టపటపే వినపడుతుంది. రాత్రిపూట నీళ్ల మీద చల్లగాలి ఉంటే శబ్దం పైకి పోకుండా కిందికే వంగి చాలా దూరం పోతుంది. మనకి వినపడదు కాబట్టి సైలెంట్ అనుకుంటాం.

బామ్మర్ది: దానికీ మందుంది. గ్యాస్-వాటర్ సెపరేటర్ పెడితే నీళ్లు వేరుపడి నీటి మట్టం కిందనుంచి పోతాయి, పైనుంచి పొగ మాత్రమే వస్తుంది. టపటప ఉండదు. ఇక 3600 ఆర్‌పీఎం వద్దంటావా, 1800 మోడల్ తీసుకుందాం. నెమ్మదిగా తిరుగుతుంది, కీచుమనదు.

బావ: బరువు?

బామ్మర్ది: కొంచెం ఎక్కువ.

బావ: "కొంచెం" అంటే ఎంతో కూడా బ్రోషర్‌లో ఉంటుంది. సెపరేటర్ మాట ఒప్పుకుంటాను, అది పనిచేస్తుంది. కానీ దానికోసం హల్‌కి ఇంకో కన్నం. కూలింగ్ నీళ్లు లోపలికి రావడానికి మరో కన్నం. దానికో సీకాక్ (కన్నం మూసే వాల్వు), ఓ స్ట్రెయినర్ (చెత్త పట్టే జల్లెడ), ఓ ఇంపెల్లర్ (పంపు చక్రం), నీళ్లు జారి లోపలికి రాకుండా ఓ యాంటీ-సైఫన్ లూప్. స్టార్ట్ కాలేదని నువ్వు బటన్ అదేపనిగా నొక్కుతూ కూర్చున్నావనుకో, పంపు తోసిన నీళ్లు ఎగ్జాస్ట్ మఫ్లర్ నిండి వెనక్కి సిలిండర్‌లోకి పోతాయి. అంతటితో జెనరేటర్ అయిపోయినట్టే. ఎండాకాలం చెసపీక్ నిండా జెల్లీఫిష్. స్ట్రెయినర్ మూత తీస్తే లోపల తెల్లటి జిగురు ముద్ద, వేళ్లతో పట్టుకుంటే జారిపోతుంది, తోకలు తగిలిన చోటల్లా మంట. ఇప్పటికి మెయిన్ ఇంజిన్‌కి ఒకటే ఉంది కాబట్టి ఒకసారే తీస్తున్నాం.

బామ్మర్ది: స్ట్రెయినర్ కడగడానికి భయపడి ఎవరైనా జెనరేటర్ మానేస్తారా? సరే, నీ కాగితం చదువు.

బావ: విను. ఫ్రిజ్ రోజుకి 60 యాంప్ అవర్లు. స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్ రోజంతా ఆన్‌లో ఉంటే ఫ్రిజ్ కంటే ఎక్కువ తింటుంది. అది నీ ఆఫీసు మీటింగుల కోసం, నాకక్కర్లేదు. లంగరు దీపం, లోపలి లైట్లు, ఫోన్లు, లాప్‌టాప్‌లు. సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే 12 వోల్టుల వాటర్‌మేకర్ ఓ గంటన్నర. అన్నీ కలిపి 200 యాంప్ అవర్లు, అంటే రెండున్నర కిలోవాట్ అవర్లు. పడవ వెనక కమాను (ఆర్చ్) మీద 800 వాట్ల సోలార్ పెడితే, తెరచాప అడుగు దూలం (బూమ్) నీడ పోగా, బహామాస్ ఎండకి ఆ మాత్రం వస్తుంది. 460 యాంప్ అవర్ల లిథియం బ్యాటరీ పెడితే దాదాపు ఆరు కిలోవాట్ అవర్లు నిల్వ. రెండు రోజులు ఎండ లేకపోయినా గడుస్తుంది. ఇందులో నీ 5 కిలోవాట్ల మిషన్‌కి పనెక్కడుంది?

బామ్మర్ది: నీ కాగితంలో ఏసీ ఏది?

(బావ కాగితం తిప్పేశాడు. వెనక వైపు కూడా ఏసీ లేదు.)

బావ: కావాలనే రాయలేదు. 16,000 బీటీయూ ఏసీ నడుస్తున్నప్పుడు దగ్గర దగ్గర 1,400 వాట్లు లాగుతుంది. ఆగుతూ నడిచినా రాత్రంతా కలిపి మిగతా పడవ మొత్తానికి మూడు రోజులకు సరిపడా కరెంటు ఒక్క రాత్రిలో తాగేస్తుంది. జెనరేటర్ కావాలన్నవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఏసీ. ఏసీ కావాలంటే జెనరేటర్ తెల్లవార్లూ తిరగాలి. తెల్లవార్లూ తిరిగేదాన్ని ఎంత సైలెంట్‌గా చేసి ఏం లాభం? పగలు గంటసేపు గోల చేసే మిషన్‌ని ఎవరైనా ఓర్చుకుంటారు. రాత్రంతా సన్నగా గొణిగేదాన్ని ఓర్చుకోలేరు. బహామాస్‌లో చలికాలం చాలా రోజులు తూర్పు నుంచి ట్రేడ్ విండ్స్ వీస్తూనే ఉంటాయి, పైకప్పు కిటికీ (హాచ్) తెరిస్తే దుప్పటి కావాలి. అక్కడ ఏసీ ఎందుకు?

బామ్మర్ది: బహామాస్‌కి రెండు మూడు నెలలే. మిగతా ఏడాదంతా పడవ ఇక్కడేగా ఉండేది? ఆగస్టులో ఇదే బే మీద సాలమన్స్ దగ్గర లంగరేసినప్పుడు ఆకు కదల్లేదు. దోమలకి హాచ్‌లు మూసుకున్నాం. తెల్లారేసరికి పరుపు పిండితే నీళ్లొచ్చేలా ఉంది. పిల్లలు పైన కాక్‌పిట్‌లో (చుక్కాని దగ్గర కూర్చునే చోట) తడిగుడ్డలు కప్పుకుని పడుకున్నారు. అక్క ఆ తర్వాత పడవ ఎక్కలేదు. నువ్వు లెక్కల్లో గెలిచి, పడవలో ఒక్కడివే కూర్చుంటావు.

బావ: ...మీ అక్కని మధ్యలోకి లాగకు.

బామ్మర్ది: లాగకుండా ఎలా? పడవలో ఉండేది ముగ్గురు నలుగురు. లెక్క వేసేది నువ్వొక్కడివి.

(ఈ దెబ్బ తగిలింది. బావ కాసేపు పెన్సిలు చెక్కుకున్నాడు.)

బావ: ఆగస్టులో మెరీనాలో కట్టుకుందాం. షోర్ పవర్, అంటే ఒడ్డునుంచి కరెంటు ఉంటుంది, ఏసీ వేసుకుందాం. ఏడాదికి పది పన్నెండు రాత్రులు మెరీనా అద్దె కట్టినా, నీ జెనరేటరూ బిగింపూ కలిపి అయ్యే పదిహేను వేల డాలర్లకి ఎన్నేళ్లు వస్తాయో నువ్వే చూసుకో.

బామ్మర్ది: అంటే లంగరేసే స్వేచ్ఛ కోసం పడవ కొని, ఎండాకాలమంతా రేవులో కట్టేసుకుంటాం.

బావ: ఎండాకాలమంతా అనలేదు.

బామ్మర్ది: సరే, మధ్యేమార్గం చెప్తా. హోండా పెట్రోల్ చేతి జెనరేటర్, 2,200 వాట్లది. 21 కిలోలు. పావు లోడ్ మీద 48 డెసిబెల్స్, ఫుల్ లోడ్ మీద 57. గాలన్ కూడా పట్టని ట్యాంకుతో, పావు లోడైతే ఎనిమిది గంటలు వస్తుంది. ఖర్చు నువ్వు చెప్పినదాంట్లో పదో వంతు కూడా కాదు. హల్‌కి కన్నాలక్కర్లేదు. వెనక డెక్ మీద పెట్టుకుని, పనయ్యాక లాకర్‌లో పెట్టేయొచ్చు.

బావ: ఏ లాకర్‌లో?

బామ్మర్ది: కాక్‌పిట్ లాకర్.

బావ: ఆ లాకర్ అడుగు బిల్జ్‌లోకి, అంటే పడవ అట్టడుగు గుంటలోకి తెరుచుకుని ఉంది. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగి బిల్జ్‌లో కూర్చుంటుంది. అక్కడ బిల్జ్ పంపు స్విచ్ ఉంది. ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిల్ పడవలోకి పెట్రోల్ డబ్బాలు ఎక్కించడం నాకు సుతరామూ ఇష్టం లేదు. ఇక పొగ సంగతి. వెనక డెక్ మీద పెట్టావు, గాలి వెనకనుంచి వీచింది, మెట్ల మీది గుడ్డ కప్పు (డాడ్జర్) కింద సుడి తిరిగి కార్బన్ మోనాక్సైడ్ మెట్ల మీదుగా లోపలికి దిగుతుంది. దానికి వాసన లేదు. తలనొప్పి అనుకుని పడుకుంటారు.

బామ్మర్ది: బహామాస్‌లో జార్జ్‌టౌన్‌లో సీజన్‌లో వందల పడవలు లంగరేసి ఉంటాయి. వాటిల్లో ఎన్నింటి వెనక డెక్ మీద ఆ ఎర్ర డబ్బా లేదో చెప్పు. అందరూ పోతున్నారా?

బావ: అందరూ పోవట్లేదు. పోయినవాళ్లు లేకపోతే కోస్ట్‌గార్డ్‌వాళ్లు కార్బన్ మోనాక్సైడ్ గురించి అన్ని హెచ్చరికలు ఎందుకు చేస్తారు?

బామ్మర్ది: డిటెక్టర్ పెట్టుకుంటే పోతుంది. నీకు నచ్చనిది చెప్తే పేలుడు, నీకు నచ్చింది చెప్తే లెక్క. నీ లిథియం మాటేంటి? ఇన్సూరెన్స్‌వాడు అడిగితే ఏం చెప్తావు?

బావ: మనం పెట్టేది ఐరన్ ఫాస్ఫేట్ రకం, సెల్‌ఫోన్లలో ఉండేది కాదు. అది అంత తేలిగ్గా అంటుకోదు. బిగింపుకి ఏబీవైసీ అనే పడవల ప్రమాణాల సంస్థ 2022లో ఇ-13 అని స్టాండర్డ్ ఇచ్చింది. దాని ప్రకారం చేసి, సర్వేయర్‌తో కాగితం రాయిద్దాం. ఏబీవైసీ ఆఫీసు మన అనాపొలిస్‌లోనే ఉంది, ఇంకా అనుమానం ఉంటే వెళ్లి అడుగు.

బామ్మర్ది: బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్ సర్క్యూట్ ఉన్నట్టుండి బ్యాటరీని కట్ చేస్తే, ఇంజిన్ తిప్పే ఆల్టర్నేటర్ (ఛార్జింగ్ డైనమో) డయోడ్లు మాడిపోతాయి. మన ఇంజిన్‌కి ఉన్నది 80 యాంప్ ఆల్టర్నేటర్, సన్న బెల్టు. లిథియం ఎంతిస్తే అంత లాగేస్తుంది. అరగంటలో ఆల్టర్నేటర్ వేడెక్కి చస్తుంది.

బావ: అందుకే దాన్ని మార్చేద్దామంటున్నా. 120 యాంప్‌ది, వెడల్పు బెల్టు కిట్, టెంపరేచర్ సెన్సర్ ఉన్న బయటి రెగ్యులేటర్. వేడెక్కితే తనే తగ్గించుకుంటుంది. బీఎంఎస్ కట్ చేసేముందు రెగ్యులేటర్‌కి చెప్పేలా వైరు వేద్దాం, స్టార్టింగ్ బ్యాటరీ విడిగా ఉంచుదాం.

బామ్మర్ది: సరే, గోంగూర పచ్చడి నూరాలి. మిక్సీ ఎలా?

బావ: ఇన్వర్టర్ మీద. 110 వోల్టుల ప్రీతి మిక్సీ 550 వాట్లు, ఐదు నిమిషాలు. మొత్తం 50 వాట్ అవర్లు కూడా కాదు.

బామ్మర్ది: ఇడ్లీ పిండో?

బావ: గ్రైండర్ కూడా ఎక్కిస్తావా?

బామ్మర్ది: పోయినసారి నువ్వే కదా, "మిక్సీలో పిండి మిక్సీ పిండే" అని మూడు రోజులు సణిగావు. పడవ పదిహేను డిగ్రీలు వాలి ఉంటే నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను, నువ్వు ఇడ్లీ గట్టిగా ఉందన్నావు.

బావ: గట్టిగానే ఉంది.

బామ్మర్ది: అయితే చిన్న రోలు తెద్దాం. కరెంటే అక్కర్లేదు.

బావ: పడవలోకి రాయి! ఒక అల పక్కనుంచి కొడితే ఆ రోలు ఎవరి కాలి మీద పడుతుందో చెప్పు. ఆవకాయ జాడీ పగిలిన రోజు నూనె బిల్జ్ దాకా పోయింది, ఎండాకాలమంతా ఇంజిన్ దగ్గర ఆవపిండి వాసన.

బామ్మర్ది: జాడీని గ్లాసుల షెల్ఫ్‌లో పెట్టమన్నదెవరు?

బావ: జాడీ సంగతి ఇప్పుడెందుకు?

బామ్మర్ది: తెచ్చింది నువ్వే. సరే, అసలు ప్రశ్న అడుగుతా, తప్పించుకోకుండా చెప్పు. బహామాస్‌లో చలికాలంలో ఉత్తరం నుంచి కోల్డ్ ఫ్రంట్లు, అంటే చలిగాలి తెరలు దిగుతాయి. మబ్బు పట్టిందంటే రెండు రోజులు, మూడు రోజులు. నీ సోలార్ మూడో వంతు కూడా ఇవ్వదు. రెండో రోజు సాయంత్రానికి బ్యాటరీ అడుగుకొచ్చింది. అప్పుడేం చేస్తావు?

బావ: మెయిన్ ఇంజిన్ వేస్తా. పొద్దున తొమ్మిదింటికి, అందరూ లేచాక, గంటన్నర. వేడెక్కాక కూడా ఆ కొత్త ఆల్టర్నేటర్ 100 యాంప్‌ల దాకా ఇస్తుంది. రెండు కిలోవాట్ అవర్లు వస్తాయి.

బామ్మర్ది: దొరికావు! 55 హార్స్‌పవర్ ఇంజిన్‌ని నిలబెట్టి, రెండు మూడు హార్స్‌పవర్ పని చేయిస్తావు. లోడ్ లేని డీజిల్ చల్లగా నడుస్తుంది. డీజిల్ పూర్తిగా మండదు, సిలిండర్ గోడలు నున్నబడతాయి, నూనె తాగడం మొదలుపెడుతుంది. అది కూడా దేన్ని? గల్ఫ్ స్ట్రీమ్‌లో గాలి పడిపోతే మనల్ని బయటపడేసే ఇంజిన్‌ని! జెనరేటర్ పాడైతే ఫ్రిజ్ ఆగుతుంది. ఇంజిన్ పాడైతే పడవే ఆగుతుంది. శబ్దం సంగతి చూడబోతే, మెయిన్ ఇంజిన్‌కి సౌండ్ షీల్డ్ కూడా లేదు. సైలెంట్ జెనరేటర్ వద్దని, అన్నిటికంటే గోల చేసేదాన్ని జెనరేటర్ చేశావు.

(బావకి జవాబు రావడానికి టైం పట్టింది. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. చాలా పడవల్లో ఇంజిన్లు ఇలాగే నెమ్మదిగా చెడిపోతాయి.)

బావ: నువ్వన్నది నిజమే, రోజూ అలా నడిపితే. నేను చెప్పేది ఫ్రంట్ వచ్చిన రోజుల మాట. పైగా ఆ గంటన్నర ఊరికే లంగరు మీద నిలబెట్టక్కర్లేదు. ఫ్రంట్ వస్తే గాలి దక్షిణం నుంచి పడమటికి, అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరుగుతుంది, ఆ చోటు ఇక పనికిరాదు. ఎలాగూ లంగరు ఎత్తి ద్వీపం అవతలి వైపుకి పోవాల్సిందే. ఆ ప్రయాణంలో ప్రొపెల్లర్ లోడ్ ఉంటుంది, ఛార్జింగూ అవుతుంది. అప్పటికీ చాలకపోతే స్టార్‌లింక్ ఆపేస్తా. నీ మీటింగులు ఓ రోజు ఆగుతాయి. నీ జెనరేటర్‌కీ ఇదే జబ్బు ఉందని మర్చిపోకు. 5 కిలోవాట్ల మిషన్‌తో ఫోన్లూ ఫ్రిజ్జూ నడిపితే దానికీ లోడ్ చాలదు. దానికి కడుపు నిండా పని కావాలంటే మళ్లీ ఏసీ వెయ్యాలి. మిషన్ కోసం ఏసీ, ఏసీ కోసం మిషన్.

బామ్మర్ది: నేరుగా బ్యాటరీనే ఛార్జ్ చేసే చిన్న డీసీ జెనరేటర్లున్నాయి. ఎంత కావాలో అంతే స్పీడులో తిరుగుతాయి.

బావ: అన్నిటిలోకీ అవే నయం. పెట్టాల్సి వస్తే అదే పెడదాం. రేటు చూశావా?

బామ్మర్ది: చూశా.

బావ: మరి?

బామ్మర్ది: అందుకే బ్రోషర్ తేలేదు.

బావ: సరే, ఒక పందెం. ముందు సోలారూ, లిథియమూ, ఆల్టర్నేటరూ పెడదాం. బ్యాటరీకి వచ్చిపోయే కరెంటు కొలిచే షంట్ మానిటర్ పెడదాం, దాపరికం లేకుండా ప్రతి యాంప్ కనపడుతుంది. కేవలం ఛార్జింగ్ కోసం ఇంజిన్ నడిపిన గంటలు లాగ్‌బుక్‌లో విడిగా రాద్దాం. బహామాస్‌లో అది నెలకి పది గంటలు దాటితే, డీసీ జెనరేటర్ ఖర్చు మొత్తం నాది. లాకర్‌లో దాని చోటు అప్పటిదాకా ఖాళీగా ఉంచుతా.

బామ్మర్ది: లాగ్ రాసేదెవరు?

బావ: నేను రాస్తా.

బామ్మర్ది: కుదరదు. అక్క రాయాలి.

బావ: మీ అక్కయితే రెట్టింపు రాస్తుంది.

బామ్మర్ది: అయితే నెలకి ఇరవై గంటలు పెట్టుకో.